ఉండిపోయింది

రెగ్లా, హవానా, ఫిబ్రవరి 18

యాదెలిస్, నా తల్లీ,

మామూలుగా నీతో ఫోనులోనే పోట్లాడతాను. కానీ మీ డాక్టర్ల మిషన్ వాళ్ళు నీకిచ్చిన ఫోను మోగడం మానేసింది, మన ఇంటి ఫోను కరెంటు ఉన్నప్పుడే బతుకుతుంది. అందుకని కాగితం తీశాను. ఈ ఉత్తరం ఒసిరిస్ తెస్తుంది. మన వీధి చివరి ఒసిరిస్సే. బట్టల బేరం కోసం మీ పక్క దేశం దాకా విమానాల్లో తిరుగుతుంది కదా. వెళ్ళేటప్పుడు ఆమె సంచీలో జనం ఉత్తరాలు, వచ్చేటప్పుడు జనం లోదుస్తులు. మన ద్వీపానికి ఇప్పుడు ఇంతకంటే నమ్మకమైన తపాలా లేదు.

నువ్వు అక్కడ కొండల్లో ఉన్నావు, ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు గనుక వరుసగా చెబుతాను. అక్కడ ప్రభుత్వం మారగానే కొత్త అధ్యక్షుడు మన డాక్టర్లను తెల్లకోటు తొడుక్కున్న గూఢచారులన్నాడు. మనవాళ్ళు ఆత్మగౌరవం అన్నారు. వారం తిరిగేలోగా బృందం మొత్తం వెనక్కి వచ్చేయాలన్నారు. డిసెంబరు దాకా ఆ దేశం పేరు మన టీవీలో ‘సోదర’ అన్న మాట ముందు లేకుండా వినపడేది కాదు. జనవరిలో ఆ మాట ఊడిపోయింది. ఫిబ్రవరికి పేరే ఊడిపోయింది, ఇప్పుడు ‘అక్కడి పాలకులు’ అంటున్నారు. దౌత్యం చదువుకునే పిల్లలకు ముప్ఫై ఏళ్ళు మన విదేశాంగ విధానం పాఠం చెప్పినదాన్ని, ఏ మాట ఎప్పుడు ఊడుతుందో నాకు ముందే తెలుస్తుంది. అందుకే నేనూ ఆ దేశం పేరు ఇక్కడ రాయడం లేదు. క్రమశిక్షణ.

మీవాళ్ళు దిగే రోజు నైలాకు ఇస్త్రీ గౌను వేసి సొరైదా ఇంటికి తీసుకెళ్ళాను, వాళ్ళ టీవీ పెద్దది కదా. విమానం మెట్ల మీంచి దిగుతున్న ఒక్కొక్క తెల్లకోటునూ నీ కూతురు ముక్కు అద్దానికి ఆనించి చూసింది. జుట్టు ముడేసుకున్న ప్రతి ఆడమనిషీ నువ్వే. చివరికి మెట్లు ఖాళీ అయ్యాయి. బ్యాండు మాత్రం వాయిస్తూనే ఉంది.

“అమ్మ విమానంలో బాత్రూముకి వెళ్ళిందేమో,” అంది నైలా.

“అయ్యుంటుంది,” అన్నాను. డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఏడేళ్ళ పిల్లకు అంతకంటే మంచి అబద్ధం చెప్పలేకపోయాను.

మర్నాడు ఎవెలియో వచ్చాడు. నీకు గుర్తుండే ఉంటాడు. నా దగ్గర చదువుకుంటూ, పుస్తకాల వంకతో వచ్చి మన పెరట్లో మామిడిపళ్ళన్నీ తినేసేవాడు. ఇప్పుడు మీలాంటి బృందాల వ్యవహారం చూసే ఆఫీసులో పెద్ద కుర్చీ ఇచ్చారు. పళ్ళు మానేసినట్టున్నాడు, పొట్ట మాత్రం మానలేదు.

“కూర్చోండి ప్రొఫెసరు గారూ,” అన్నాడు, నా ఇంట్లో, నా కుర్చీ నాకే చూపించి.

“నిలబడే వింటాను. చచ్చిపోయిందా?”

“అయ్యయ్యో, అదేం మాటండీ! ఉండిపోయింది.”

అంతే. ఒక్క మాట. మనకు ఇంకేం చెప్పక్కర్లేదు కదా. దేశం పనిమీద వెళ్ళి తిరిగి రానివాణ్ణి మనం పారిపోయాడు అనం, ఉండిపోయాడు అంటాం. బేస్‌బాల్ ఆటగాడు ఉండిపోయాడు, బాలే పిల్ల ఉండిపోయింది, ఫలానా వాళ్ళ అల్లుడు ఉండిపోయాడు. ఎక్కడ అని ఎవరూ అడగరు. పుట్టిన వీధి దాటకుండా ఇక్కడే కూర్చున్న నన్ను మాత్రం ‘ఎదెల్మీరా ఉండిపోయింది’ అని ఒక్కరూ అనలేదు.

బఠాణీలు కలిపిన రేషను కాఫీ పోశాను. తాగుతూ, కప్పులోకే చూస్తూ చెప్పాడు. రూలు నీకు తెలుసు. ఎనిమిదేళ్ళు నువ్వు ఈ గడ్డమీద కాలు పెట్టడానికి లేదు. పిల్లను నీ దగ్గరికి పంపడానికీ వీలవదు. “కానీ,” అన్నాడు. ఆ రాజధానిలో మన దౌత్య కార్యాలయం మార్చి చివరిదాకా తెరిచి ఉంటుందట. నువ్వు ఆలోపల వెళ్ళి, నా స్థానాన్ని వదిలేశాను, పశ్చాత్తాపపడుతున్నాను అని సంతకం పెడితే, ఇంటికి పంపిస్తారట. డాక్టరు పని కొన్నాళ్ళు ఇవ్వరు. ఇల్లు మాత్రం ఉంటుంది.

ఇక సొరైదా. ఎవరేం చేస్తున్నారో కనిపెట్టే వాడ కమిటీకి అధ్యక్షురాలు గనుక ఆమెకు రెండు గొంతులు. చౌకదుకాణం వరసలో అందరికీ వినపడేలా, “ఇలాంటి వాళ్ళ వల్లే మనకీ గతి, కామ్రేడ్స్!” అంది. తర్వాత నా పక్కకు జరిగి, “బెంగపడకు ఎదెల్మీరా. మా చెల్లెలి కొడుకూ ఉండిపోయాడు. ఇప్పుడు షాంపూ, మందులు అన్నీ పంపిస్తున్నాడు, బంగారం,” అంది.

నేను షాంపూ కోసం నిన్ను పెంచలేదు. మీ అమ్మ పోయాక ఈ చేతులతో పెంచింది నిన్ను డాక్టరును చేద్దామని. నువ్వు వెళ్ళిపోవడం కాదు నాకు నొప్పి. ఈ వీధిలో వెళ్ళిపోదామనుకోని మనిషి నేనొక్కదాన్నే, అదీ మోకాళ్ళ వల్ల. నాకు చెప్పకుండా పోవడం నొప్పి. బయల్దేరే రోజు నైలాకు జడలు వేస్తూ, “రెండేళ్ళే కదా అమ్మమ్మా,” అన్నావు. అప్పటికే మనసులో ఉందా? నన్ను చూసి భయపడ్డావా? నీతో సిద్ధాంతం మాట్లాడతాననుకున్నావా? మాట్లాడేదాన్నే. మాట్లాడి, తిట్టి, తర్వాత నీ పెట్టె సర్దేదాన్ని. ఆపాటి నమ్మకం లేకపోయిందా నామీద?

నిజం రాయి. తర్వాత ఆ కార్యాలయానికి వెళ్ళు. 

నీ మీద కోపంగా ఉన్న
అమ్మమ్మ,
ఎదెల్మీరా


రెగ్లా, మార్చి 12

నా మొండి పిల్ల యాదెలిస్‌కు,

ఒసిరిస్ నీ ఉత్తరం తెచ్చింది. దాన్ని వంటింట్లో నిలబడే చదివాను, తర్వాత కూర్చుని చదివాను, తర్వాత కాసేపు ఏమీ చదవలేకపోయాను. పోయిన ఉత్తరంలో నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మోకాళ్ళ సంగతి మాత్రం ఉంచుకో.

నాకు అర్థమైంది ఇదీ, తప్పయితే దిద్దు. మిమ్మల్ని ఎక్కించుకోవడానికి లారీ వచ్చిన పొద్దున నీ వార్డులో డిఫ్తీరియా పిల్లలున్నారు. గొంతుల్లో గొట్టాలు. ఆ ఊరి డాక్టరు కొత్త ప్రభుత్వానికి భయపడి ఎటో పోయాడు. మిగిలింది ఒక్క నర్సు. నువ్వు మెట్లమీద నిలబడి, “మీరు వెళ్ళండి, నేను తర్వాతి బండిలో వస్తాను,” అన్నావు. బృందానికి పెద్దగా ఉన్న ఆ కుర్రాడు లియోదాన్, దారిలో ఎంతమంది వస్తున్నారో లెక్క చెప్పడానికి ఫోను చేసి, “డాక్టర్ యాదెలిస్ ఉండిపోయింది,” అన్నాడు. ‘వార్డులో’ అనేలోగా లైను తెగిపోయింది; దిగాక దిద్దడానికి భయమేసిందట, నేను వెళ్ళి అడిగితే ఒప్పుకున్నాడు. తర్వాతి బండి రాలేదు. ఉండిపోయినదాని కోసం బండి ఎవరు పంపుతారు?

తల్లీ, ఈ పొరపాటు ఇంకే దేశంలోనూ జరగదు. ఇంకెక్కడైనా ఆ మాట వింటే, “ఎందుకుండిపోయింది, ఒంట్లో బాగాలేదా?” అని అడిగేవాళ్ళు. మనవాళ్ళు అడగలేదు. రాసేసుకున్నారు.

నేను నీ ఉత్తరం పట్టుకుని పడవెక్కి హవానా రేవులో దిగి, ఎవెలియో ఆఫీసుకు వెళ్ళాను. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కి అతని గది చేరేసరికి తిట్టడానికి ఊపిరి మిగల్లేదు, అదొక్కటే అతని అదృష్టం. ఉత్తరం ముందు పడేశాను. చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ చదివాడు.

“నమ్ముతున్నానండీ. ప్రతి అక్షరం నమ్ముతున్నాను.”

“అయితే మార్చు. ఉండిపోయింది కొట్టేసి, ఆగింది అని రాయి. ఒక్క మాటే కదా.”

“ఆగింది అంటే, ఎందుకాగింది అంటారు.”

“జబ్బు పిల్లలున్నారు, అందుకాగింది అను.”

“అప్పుడు మిగతావాళ్ళు ఎందుకాగలేదు అంటారు. ఎవరు వచ్చేయమన్నారు అంటారు. ఒక్క రోగిని కూడా దిక్కులేకుండా వదిలి రాలేదని ప్రకటన ఇచ్చామండీ. ఖండమంతా విన్నది.”

“అది అబద్ధమని నీకు తెలుసా?”

“ఇదిగో, ఇప్పుడే తెలిసింది. మీ వల్ల,” అన్నాడు. అన్నం తింటుంటే కంచంలో ఈగ చూపించినదాన్ని చూసినట్టు చూశాడు నన్ను. “మీరు కోప్పడకండి. మన విదేశాంగ విధానానికి సిద్ధాంతమే వెన్నెముక అని నేర్పింది మీరే కదా. నేను పరీక్షలో అదే రాశాను. మీరు నూటికి నూరు వేశారు.”

“వెన్నెముక అన్నాను నాయనా. వెన్ను చూపమనలేదు.”

నవ్వాడు. నవ్వి, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, “ప్రొఫెసరు గారూ, ఒక డాక్టరు పారిపోవడం మాకు అలవాటే. ఒక వార్డును మనం వదిలి రావడమన్నది లేనే లేదు. ఆ రెండింట్లో ఏది రాసి ఉంచుతారో మీరే చెప్పండి,” అన్నాడు. ఇంత నిజాయితీగా మాట్లాడతాడని నేను అనుకోలేదు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. తడిగా ఉన్నా పెన్ను తియ్యలేదు.

తిరుగు పడవలో కూర్చుని ఆలోచించాను. నీ వయసువాళ్ళు ఆ సిద్ధాంతం ఎప్పుడో చచ్చిపోయిందంటారు, టీవీలో వినపడేది దాని దయ్యమంటారు. కాదే. అది చచ్చిపోయి ఉంటే నాకీ బాధే లేదు. మామూలు దేశాలు ఏం చేస్తాయి? లాభనష్టాలు చూసుకుని మనుషుల్ని వెనక్కి పిలుచుకుంటాయి, అక్కడ పిల్లలు మిగిలిపోయారంటే అయ్యో పాపం అని ఒక చెక్కు పంపి ఊరుకుంటాయి. మనం అలా అనలేం. మనం ఎవరినీ వదలని వాళ్ళం. వదిలినా సరే, వదలని వాళ్ళమే. తమాషా ఏమిటంటే, నువ్వు మెట్లమీద ఆగిందీ ఆ సిద్ధాంతం వల్లే. నిన్నక్కడ నిలబెట్టింది అదే, నిలబడ్డావని ఒప్పుకోనివ్వనిదీ అదే. ఇన్నేళ్ళ నా పాఠాల్లో ఈ ముక్కకు చోటు దొరకలేదు. ఇప్పుడు చెబుదామంటే క్లాసు లేదు.

బళ్ళో ఏమైందో కూడా చెప్పాలి. పొద్దున జెండా దగ్గర పిల్లలంతా చెయ్యి నుదుటికి పెట్టి, పెళ్ళాం పిల్లల్ని వదిలి వేరే దేశాల విప్లవాలకు పోయిన, ఆ ఫోటోలో ఉన్న గడ్డం డాక్టరులా అవుతామని అరుస్తారు కదా. నువ్వూ అరిచావు, మీ అమ్మా అరిచింది. నైలా అరవకుండా నిలబడిందట. టీచరమ్మ ఏమే అని అడిగితే, “మా అమ్మ ఆల్రెడీ అలా అయిపోయింది టీచర్. వేరే వాళ్ళ దేశంలో ఉంది, నన్ను వదిలేసి,” అందట. టీచరమ్మ సాయంత్రం మనింటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. పాతికేళ్ళ పిల్ల. “అమ్మమ్మ గారూ, నేనేం చెప్పాలండీ దానికి?” అంది. నీకు జీతం ఎంతిస్తారమ్మా అని అడిగాను. చెప్పింది. “అంత జీతానికి ఏమీ చెప్పక్కర్లేదులే,” అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. సంతకం పెట్టు.

అవును, నేనే అంటున్నాను. అబద్ధం మీద సంతకం పెట్టు. వదిలేశాను అని రాస్తారు, పెట్టు. పశ్చాత్తాపపడుతున్నాను అంటారు, అదీ పెట్టు. నీ పరువు నేను ఇక్కడ వీధి వీధీ తిరిగి కాపాడతాను, నా నోరు ఇంకా పనిచేస్తోంది. వార్డును ఆ నర్సుకు అప్పగించి బస్సెక్కు. రెండు ముక్కల అబద్ధం ఖరీదుకి నైలాకు అమ్మ దొరుకుతుందంటే బేరమాడకు తల్లీ. ఇంత చదువుకుని నేను నీకు చెప్పగలిగింది ఇదే, సిగ్గుగానే ఉంది. సిగ్గుతో చావరు ఎవరూ.

మార్చి ముప్ఫై ఒకటి లోపల.

నీ కోసం కాచుకుని,
అమ్మమ్మ


రెగ్లా, ఏప్రిల్ 20

తల్లీ యాదెలిస్,

నువ్వు బస్టాండులో కూర్చుని రాసిన ఉత్తరం వచ్చేసరికే ఎవెలియో వచ్చి వెళ్ళాడు. అందువల్ల ఒకే కథ రెండుసార్లు విన్నాను. మొదట అతని నోట విని నవ్వాను. నీ చేతిరాతలో చదివి నవ్వలేకపోయాను.

అతను కాగితం నకలు తెచ్చాడు. ఆ నడక, ఆ ముఖం చూస్తే అప్పు తీరిన మనిషిలా ఉన్నాడు. “ప్రొఫెసరు గారూ, ఇక మన మధ్య వాదనే లేదు. ఆమే రాసింది,” అన్నాడు. చూశాను. వాళ్ళు అచ్చువేసి ఉంచిన వాక్యంలో ‘నా స్థానాన్ని వదిలేశాను’ అన్నచోట నువ్వు గీత కొట్టి, పైన నీ గుండ్రటి అక్షరాలతో ‘నా స్థానంలో ఉండిపోయాను’ అని రాశావు. కింద సంతకం. పక్కన ముద్ర.

ఓసి పిచ్చిదానా! డాక్టరువి కదా, ఎముకకు ఒకటే పేరు ఉంటుంది, మాటకూ ఒకటే అర్థం ఉంటుందనుకున్నావు. ఆ అధికారి చదివి, “ఇది మా వాక్యం కంటే తేటగా ఉంది,” అని ముద్ర కొట్టి చెయ్యి కూడా కలిపాడని రాశావు. ఆయన నిజం ఒప్పుకున్నాడని పొంగిపోయావు. ఆయనేమో నువ్వు నేరం ఒప్పుకున్నావని పొంగిపోయాడు. నువ్వు రాసింది నిజం. ఆయన చదివింది ఒప్పుకోలు. ఇద్దరూ ఒకే మాట మీద చెయ్యి కలిపి విడిపోయారు. నేను పక్కనుంటే ఆ పెన్ను లాక్కునేదాన్ని.

తర్వాత విమానంలో చోటు కార్యాలయం వాళ్ళకే సరిపోయిందన్నారు. నీ కేసు హవానాలో పరిశీలిస్తారన్నారు. మర్నాడు జెండా దించి తాళం వేశారు. హవానాలో పరిశీలించారు. నీ చేతిరాత ఉండగా పరిశీలించడానికేముంది?

“పశ్చాత్తాపపడుతున్నాను అన్న మాట కూడా ఉంది కదా కింద. అది లెక్కలోకి రాదా?” అని అడిగాను ఎవెలియోను.

“వస్తుందండీ. గౌరవంగా చూస్తారు. ఎనిమిదేళ్ళ తర్వాత.”

“ఎవెలియో, నీకు అప్పుడు నూటికి నూరు వేసినందుకు ఇప్పుడు బాధగా ఉంది.”

“నాకూనండీ,” అన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా నుదుటి మీద ముద్దు పెట్టాడు, కొడుకులాగా. పెట్టనిచ్చాను. ఏం చెయ్యను? అతన్ని తిడితే అతనికి కాస్త బరువు దిగుతుంది. తిట్టలేదు.

నువ్వు మళ్ళీ ఆ కొండ ఊరికే బస్సెక్కుతున్నానన్నావు. అక్కడి కొత్త పాలకులు మీ అనుమతులన్నీ రద్దు చేశారు గనుక డాక్టరని బోర్డు పెట్టుకోలేవట, ఆ నర్సు కింద ఆయాలాగా ఉంటానన్నావు. వాళ్ళకు నువ్వు మనం పంపిన గూఢచారివి, మనకు నువ్వు వాళ్ళ దగ్గర ఉండిపోయినదానివి. రెండు దేశాలు ఒక్క విషయంలోనైనా ఏకాభిప్రాయానికి వచ్చాయి, సంతోషం.

ఎనిమిదేళ్ళంటే నైలాకు పదిహేను. పదిహేనో పుట్టినరోజు ఇక్కడ ఎలా చేస్తారో నీకు నేను చెప్పాలా? గులాబీరంగు గౌను, ఫోటోలు, అద్దెకు తెచ్చిన కిరీటం, మొదటి నాట్యం. మొదటి నాట్యం తండ్రితో చెయ్యాలి. వాళ్ళ నాన్న కమగ్వే ఊళ్ళో ఇంకో కాపురం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ నాట్యమూ నీదే అనుకున్నాను నేను, మనసులో. అప్పటికి నేనుంటానో లేదో. ఉంటాననే అనుకో. చావడానికి కూడా ఇప్పుడు వరసలో నిలబడాలి, శవపేటికలు దొరకడం లేదు.

నైలాకు ఏం చెప్పాలా అని వారం రోజులు ఆలోచించాను. సొరైదా, “మిషన్ పొడిగించారని చెప్పు,” అంది. టీచరమ్మ, “పెద్దయ్యాక చెప్పండి,” అంది. నాకిక అబద్ధాలు మిగల్లేదు. నిన్న బడి నుంచి రాగానే గుమ్మం మీద పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. లారీ, నువ్వు మెట్లమీద నిలబడటం, ఫోను తెగిపోవడం, ఎవెలియో తాతయ్య పెన్ను, ఆ కాగితం, ఎనిమిదేళ్ళు. చరిత్ర పాఠం చెప్పినట్టే చెప్పాను. ఏడుస్తుందనుకుని రుమాలు కూడా తీసిపెట్టుకున్నాను. ఏడవలేదు. బూటు లేసు ముడేసుకుంటూ విన్నది. అంతా అయ్యాక తలెత్తి అడిగింది:

“మరి ఆ పిల్లలకి తగ్గిందా?”

ఈ మాట ఎవెలియో అడగలేదు. వాళ్ళ ప్రకటనలో లేదు. సొరైదా అడగలేదు. ఒక్క మాట మార్పించడానికి రేవు దాటి మెట్లెక్కిన నేనూ అడగలేదు, నీకు రెండు ఉత్తరాలు రాసి కూడా. నీ ఉత్తరాలు తీసి మళ్ళీ చూశాను. మొదటిదాన్ని ‘పిలుస్తున్నారు, వెళ్ళాలి’ అని సగంలో ఆపేశావు. రెండోదాని నిండా ఆ కాగితం గొడవే.

“కనుక్కుంటాను,” అన్నాను.

“అడుగు మరి,” అని లేచి ఆడుకోవడానికి పోయింది.

ఒసిరిస్ గురువారం బయల్దేరుతోంది. ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదు. తగ్గిందా తల్లీ?

నీ
అమ్మమ్మ ఎదెల్మీరా